గైడ్ ఎవరో చూడండి, క్యూబు తడిగా ఉందో చూడండి: ఇంజనీరింగ్ క్యాంపస్ నుంచి మీ ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీల నుంచే వచ్చాయి, అందుకని పేజీలన్నీ వాటికే ఇచ్చేశాను. పేరు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు. పొడవైన ఉత్తరాలను కాస్త కుదించాను.

*ఎం.టెక్ రెండో ఏడాది, మెషిన్ డిజైన్. గేట్ స్టైపెండ్ 12,400 వస్తోంది. పీహెచ్‌డీ చేయాలని గట్టిగా ఉంది. మా యూనివర్సిటీలోనే సీటు వచ్చేలా ఉంది, ఒక సార్ రమ్మంటున్నారు కూడా. ఫ్రెండ్స్ మాత్రం చేస్తే ఐఐటీలో చెయ్, లేదంటే ఉద్యోగం చూసుకో అంటున్నారు. నాన్నగారు వచ్చే ఏడాది రిటైరవుతారు. ఏం చేయమంటారు?*
— ఎం.టెక్ విద్యార్థి, కాకినాడ

ముందు డబ్బు సంగతి మాట్లాడుకుందాం. మన దగ్గర పీహెచ్‌డీ అనగానే అందరూ జ్ఞానం, డాక్టర్ అనే గౌరవం గురించి చెబుతారు గానీ నెల గడిచేది ఎలాగో అడగడానికి మొహమాటపడతారు. కేంద్ర సంస్థల్లో, అంటే ఐఐటీ, ఎన్ఐటీల్లో, లేదా ఎక్కడైనా జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మీద చేరితే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000 ఇస్తున్నారు. దాంతో హాస్టల్లో ఉండి ఇంటికి కూడా కొంత పంపవచ్చు. రాష్ట్ర యూనివర్సిటీల్లో పరిస్థితి అలా లేదు, అక్కడ ఫెలోషిప్ లేకుండా చేరేవాళ్లు చాలామంది. పగలు ఏదో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు రోజుల్లో గైడ్ (పరిశోధనను నడిపించే సార్) దగ్గరికి వస్తూ, ఏడేళ్లు, ఎనిమిదేళ్లు లాగిన వాళ్లు మీ డిపార్ట్‌మెంట్‌లోనే కనిపిస్తారు. నాన్నగారు రిటైరవబోయే ఇంట్లో మీరు జీతం లేకుండా నాలుగైదేళ్లు చదవడం నాకు ఇష్టం లేదు, ఆ మాట నేరుగానే చెబుతున్నాను. మిమ్మల్ని రమ్మంటున్న సార్ దగ్గర డీఆర్‌డీవో, ఇస్రో, పరిశోధనలకు డబ్బిచ్చే ఏఎన్ఆర్ఎఫ్ లాంటి చోట్ల నుంచి వచ్చిన ప్రాజెక్టు ఏమైనా ఉందా అని అడగండి. ఉంటే అందులో జేఆర్ఎఫ్ పోస్టు ఉంటుంది, ఆ పోస్టులో చేరి పీహెచ్‌డీ రిజిస్టర్ చేసుకోవచ్చు. అలా అడగడం తప్పు కాదు. అడిగినందుకు కోపం తెచ్చుకునే సార్ అయితే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మీకే మంచిది.

ఇక ఐఐటీయా, మన యూనివర్సిటీయా అన్నది. సంస్థ పేరు ముఖ్యం కాదని చెప్పను. ల్యాబ్, లైబ్రరీ, చుట్టూ పనిచేసే మనుషులు, ఇవన్నీ అక్కడ మెరుగ్గానే ఉంటాయి. కానీ పీహెచ్‌డీ చేసేది సంస్థ దగ్గర కాదు, ఒక మనిషి దగ్గర. ఆ మనిషి మీ చాప్టర్ చదువుతాడా, నెలల తరబడి టేబుల్ మీదే పెట్టుకుంటాడా అన్నదాన్ని బట్టి మీ ఐదేళ్లు నడుస్తాయి. గైడ్ మంచివాడైతే కాకినాడలోనే చేయండి, కాకపోతే ఐఐటీ అయినా వద్దు.

మంచివాడో కాదో తెలిసేదెలా అంటారా? శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు ఉంటాయి, ఎవరైనా చూడవచ్చు. గైడ్ పేరు కొట్టి వెతకండి. ఆయన దగ్గర డిగ్రీ పొందినవాళ్ల థీసిస్‌లు రెండు మూడు డౌన్‌లోడ్ చేసి, ఇదివరకు ఇతరులు చేసిన పనిని చెప్పే చాప్టర్ వదిలేసి, ఫలితాల చాప్టర్ చదవండి. ఆ స్కాలర్ సొంతంగా ఏం కొలిచాడు? గ్రాఫ్ కింద రాసిన పేరాలో కారణం ఉందా, లేక గ్రాఫ్‌లో కళ్లకు కనిపించేదే మళ్లీ మాటల్లో రాశాడా? ఒకే గైడ్ దగ్గర వరసగా వచ్చిన థీసిస్‌లలో మెటీరియల్ పేరు మారి మిగతాదంతా అలాగే ఉంటే జాగ్రత్త పడండి. ఆ తర్వాత ఇప్పుడు ఆయన దగ్గరున్న స్కాలర్లను ల్యాబ్‌లో కాకుండా క్యాంటీన్‌లో కలవండి. సార్ మంచివారేనా అని అడిగితే మంచివారే అంటారు, ఇంకేమంటారు పాపం. చివరిసారి ఇచ్చిన డ్రాఫ్ట్ ఎన్నాళ్లకు తిరిగొచ్చింది, సార్ ఇంటి పనులు, కాలేజీ పరీక్షల పనులు మీ మీద ఎంత పడతాయి, మీ ముందు చేరినవాళ్లు ఎప్పుడు బయటపడ్డారు అని అడగండి. ఆయన దగ్గర ఎంతమంది ఉన్నారో కూడా చూడండి. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మించి తీసుకోకూడదు. నిండిపోయిన చోట మీరు ఎనిమిదోవారైతే మీకు దొరికే టైమ్ ఎంతో మీరే లెక్క వేసుకోండి.

ఇదంతా చేశాక కూడా ఆ సార్ దగ్గరే చేయాలనిపిస్తే, ఫెలోషిప్ కుదిరితే, ఫ్రెండ్స్ మాట పట్టించుకోకుండా చేరిపోండి.

*ఎం.టెక్ స్ట్రక్చర్స్. సిమెంటులో 25 శాతం తీసేసి రామగుండం ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా వచ్చే బూడిద) కలిపి ఎం30 కాంక్రీటు చేస్తున్నాను. 28 రోజులకు మామూలు మిక్స్ కంటే ఫ్లై యాష్ మిక్స్ బలం తక్కువ వచ్చింది. పైగా బలం కొలవడానికి పోసిన మూడు కాంక్రీటు క్యూబుల్లో చదరపు మిల్లీమీటరుకు 35, 34 న్యూటన్లు వచ్చి మూడోది 26 దగ్గరే పగిలిపోయింది. ఆ 26 తీసేసి మిగతా రెండింటి సగటు వేసెయ్, ఫ్లై యాష్ వాడితే బలం పెరిగిందని రాయాలి కదా అంటున్నారు మా గైడ్. నిద్ర పట్టడం లేదు.*
— ఎం.టెక్ విద్యార్థిని, వరంగల్

అమ్మా, మీ ఉత్తరం చదివి సంతోషపడ్డాను. నిద్ర పట్టడం లేదన్నందుకు కాదు, ఈ విషయానికి నిద్ర పట్టని విద్యార్థులు ఇంకా ఉన్నందుకు.

ముందు ఆ 26 సంగతి. కాంక్రీటుకు మన దేశపు కోడ్ ఐఎస్ 456 ఏం చెబుతోందంటే మూడు క్యూబుల సగటే ఆ శాంపిల్ ఫలితం, ఏ ఒక్క క్యూబూ ఆ సగటుకు 15 శాతం మించి అటూ ఇటూ ఉండకూడదు, ఉంటే ఆ శాంపిల్ ఫలితమే చెల్లదు. మీ మూడింటి సగటు 31.7 చుట్టూ వస్తుంది. దానికి 15 శాతం కిందంటే 26.9. మీ క్యూబు 26, అంటే హద్దు దాటింది. కాబట్టి దాన్ని కలిపి సగటు వేసినా తప్పే, ఒక్కదాన్నే తీసేసి మిగతా రెండూ ఉంచుకున్నా తప్పే. మొత్తం సెట్ మళ్లీ పోయాలి. గైడ్‌తో వాదన పెట్టుకోవద్దు. కోడ్‌లో ఆ పేజీ తెరిచి, "సార్, ఇలా ఉంది, ఇంకో సెట్ వేసుకుంటాను" అనండి. కోడ్ చూపించాక కాదనే సార్లు తక్కువ.

మళ్లీ పోసే ముందు ఆ మూడోది ఎందుకు పోయిందో వెతకండి. పగిలిన ముక్కలు పారేశారా? పారేయకపోతే వెళ్లి చూడండి. సరిగా పగిలిన క్యూబు నాలుగు పక్కలా దాదాపు సమానంగా పెచ్చులూడి మధ్యలో డమరుకంలా మిగులుతుంది. ఒక పక్కే విరిగి మిగతా పక్కలు బాగానే ఉంటే లోడు మధ్యలో పడలేదన్నమాట, నొక్కే మిషన్ ప్లేట్ల మధ్య క్యూబును సెంటర్ చేయలేదు, లేదా ప్లేటు మీద పాత క్యూబు ఇసుక తుడవలేదు. ముక్క లోపల తేనెపట్టు ఖాళీలు కనిపిస్తే పోసేటప్పుడు సరిగా కుదించలేదు. చేత్తో కుదిస్తే 150 మిల్లీమీటర్ల క్యూబుకు మూడు పొరలు, పొరకు కనీసం 35 పోట్లు. సాయంత్రం ల్యాబ్ మూసేస్తారన్న తొందరలో చివరి అచ్చు దగ్గరికి వచ్చేసరికి ఆ 35 కాస్తా పదిహేనవుతాయి, ఇది అన్ని కాలేజీల్లోనూ జరిగేదే. క్యూబును పోసినప్పుడు పైన ఉన్న గరుకు ముఖం మిషన్‌లో పక్కకు ఉండాలి, పైకి పెట్టారేమో ల్యాబ్ అసిస్టెంట్‌ను అడగండి. నానబెట్టిన నీటి తొట్టిలోంచి తీసిన వెంటనే తడిగా ఉండగానే పరీక్షించాలి. మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టిన క్యూబు ఎక్కువ బలం చూపిస్తుంది, అలా చూస్తే మీ 35, 34 కూడా అనుమానమే కావచ్చు. లోడు వేగం నిమిషానికి చదరపు మిల్లీమీటరుకు 14 న్యూటన్లు, అంటే మీ క్యూబు మీద సెకనుకు ఐదు కిలోన్యూటన్ల పైచిలుకు. వాల్వు ఎక్కువ తిప్పి త్వరగా కానిచ్చేస్తే అంకె పెరుగుతుంది.

ఇక 28 రోజులకు ఫ్లై యాష్ మిక్స్ తక్కువ రావడం గురించి. అది మీ తప్పు కాదు, దాని స్వభావమే అది. సిమెంటు నీటితో కలిసినప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ పుడుతుంది, ఫ్లై యాష్‌లోని సిలికా దానితో నెమ్మదిగా కలిసి గట్టిపడే పదార్థంగా మారుతుంది. ముందు సిమెంటు తన పని చేయాలి, ఆ తర్వాతే దీని పని మొదలవుతుంది. అందుకే 28 రోజులకు వెనకబడి, 56 రోజులకు దగ్గరకు వచ్చి, 90 రోజులకు చాలాసార్లు మామూలు మిక్స్‌ను అందుకోవడమో దాటడమో జరుగుతుంది. అప్పుడు కూడా రావచ్చు, రాకపోవచ్చు, బూడిద ఎంత మెత్తగా ఉంది, అందులో కాలని బొగ్గు ఎంత మిగిలింది అన్న వాటిని బట్టి ఉంటుంది. కాబట్టి కొత్త సెట్ పోసేటప్పుడు 56, 90 రోజులకు కూడా క్యూబులు పోయండి, రెండు మిక్సులకూ. థీసిస్ తేదీ దగ్గర పడితే కనీసం 56 అయినా. 28 రోజుల దగ్గర తగ్గిందని ఉన్నదున్నట్టు రాయండి, ఎందుకు తగ్గిందో రాయండి. వైవాకు వచ్చే ఎగ్జామినర్ కాంక్రీటు తెలిసినవాడైతే, 25 శాతం ఫ్లై యాష్‌తో 28 రోజులకే బలం బాగా పెరిగిందన్న థీసిస్‌ను అనుమానంగా చూస్తాడు గానీ మీదాన్ని కాదు.

*మా అబ్బాయి ఈసీఈ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కుంటామని, నలుగురూ తలా కొంత వేసుకుంటున్నామని డబ్బు అడుగుతున్నాడు. అందరూ ఇలాగే చేస్తారు నాన్నా అంటున్నాడు. నేను చదువుకున్నవాణ్ణి కాదు. ఇవ్వాలా వద్దా?*
— ఒక తండ్రి, ఒంగోలు

ఇవ్వకండి అయ్యా. అందరూ చేస్తారన్నది నిజమే, మీ అబ్బాయి అబద్ధం చెప్పడం లేదు. కానీ మీరు కష్టపడి కట్టిన నాలుగేళ్ల చదువులో విద్యార్థి తన చేత్తో ఒక వస్తువు తయారుచేసే అవకాశం సరిగ్గా ఒక్కసారే వస్తుంది, అదే ఈ ప్రాజెక్టు. దాన్ని కూడా కొనేస్తే మిగిలేది మార్కుల మెమో ఒక్కటే.

అబ్బాయికి ఈ పేరా చదివి వినిపించండి. బాబూ, అమ్మేచోట్ల ఎక్కువగా దొరికేది ఆటోమేటిక్ నీటి పంపు ప్రాజెక్టు, నేలలో తేమ చూసి మోటారు దానంతటదే వేసేది. దానికి కావలసినవి ఒక ఆర్డునో బోర్డు (ప్రోగ్రాం ఎక్కించే చిన్న సర్క్యూట్), తేమ సెన్సార్, రిలే (మోటారు స్విచ్), చిన్న పంపు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అన్నీ కలిపి రెండు వేల లోపే వస్తాయి, నలుగురూ పంచుకుంటే ఐదొందలు. ప్రోగ్రాం ఒక రోజులో రాసుకోవచ్చు. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. తడి నేలలో పెట్టిన ఆ చౌక సెన్సార్ కాళ్ల గుండా ఎప్పుడూ కరెంటు పోతూ ఉంటుంది, కొన్నాళ్లకే ఒక కాలిని తుప్పు తినేస్తుంది, నేల తడిగా ఉన్నా ఎండినట్టు చూపిస్తుంది, పంపు ఆగదు. ఎందుకు తినేసింది? రీడింగ్ తీసుకునే క్షణం మాత్రమే కరెంటు ఇస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది? లోహం నేలకు తగలని కెపాసిటివ్ సెన్సార్ పెడితే ఏమవుతుంది? నల్లరేగడిలో, ఎర్రనేలలో ఒకే తేమకు ఒకే రీడింగ్ వస్తుందా? మీ నాన్నగారి ఊళ్లో రెండు రకాల మట్టీ దొరుకుతుంది, చెరొక డబ్బాలో పోసి, నీళ్లు తూచి కలిపి, రోజూ రీడింగ్ రాసుకో. ఈ టేబులొక్కటి చాలు, మీ బ్యాచ్‌లో ఎవరి దగ్గరా ఉండదు. ఉద్యోగం ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి చెప్పమన్నప్పుడు కొన్నవాడు బ్లాక్ డయాగ్రం చెప్పి ఆగిపోతాడు, నువ్వు సెన్సార్ ఎలా పాడైందో చెప్పడం మొదలుపెడితే అవతలివాళ్లు కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

అయ్యా, ఐదొందలు మాత్రం ఇవ్వండి.

*తెలుగు మీడియంలో చదివి యూనివర్సిటీ కాలేజీలో ఫస్టియర్ చేరాను. క్లాసులో మేడమ్ చెప్పేది సగం అర్థం కావడం లేదు, లేచి అడగాలంటే ఇంగ్లిష్ రాదని భయం. హాస్టల్లో అందరూ కార్పొరేట్ కాలేజీల నుంచి వచ్చినవాళ్లే.*
— బి.టెక్ విద్యార్థిని, హైదరాబాద్

తల్లీ, నీకు అర్థం కానిది ఇంగ్లిషా, సబ్జెక్టా అన్నది ముందు విడదీసి చూడాలి. ఇంటర్‌లో నువ్వు తెలుగులో చేసిన అవకలనం, సమాకలనం లెక్కలే ఇక్కడ డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్ అయ్యాయి. ఒక నోట్‌బుక్‌లో ఎడమవైపు తెలుగు పదం, కుడివైపు ఇక్కడి పదం రాసుకో, మొదటి సెమిస్టర్‌కు కావలసిన పదాలు రెండు మూడు వందలకు మించవు. సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ వాళ్లు ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకాలను తెలుగులో కూడా తెచ్చారు, ఈ-కుంభ్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి, రాత్రి అవి చదువుకుని పొద్దున క్లాసుకు వెళ్లు. ఐఐటీల పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్ వీడియోలు ఆపి ఆపి వినవచ్చు, క్లాసులో మేడమ్‌ను ఆపలేవు గానీ వీడియోను ఆపగలవు.

అడగడానికి భయం అన్నావు. తెలుగులోనే అడుగు. మేడమ్‌కు తెలుగు వచ్చు కదా! క్లాసులో వద్దనుకుంటే క్లాసు అయ్యాక ఆమె గది దగ్గర. చదువు ఏ భాషలో చెబితే ఆ భాషలో వస్తుంది. ఉస్మానియాలో 1929లో ఇంజనీరింగ్ కాలేజీ పెట్టినప్పుడు ఆ యూనివర్సిటీలో బోధన ఉర్దూలో సాగేది, అలా చదివి బయటికొచ్చినవాళ్లు ఇంజనీర్లయ్యారు. నీకు ఇంగ్లిష్ అక్కర్లేదని కాదు, కావాలి, రెండేళ్లలో దానంతటదే వస్తుంది. ఈలోపు అది రాలేదని లెక్కలు, డ్రాయింగ్ వదిలేయొద్దు, బ్యాక్‌లాగులు మొదలయ్యేది అక్కడే. ల్యాబ్‌లో మాత్రం ముందు వరసలో నిలబడు. వెర్నియర్ పట్టుకోవడానికి ఇంగ్లిష్ అక్కర్లేదు, నలుగురి గ్రూపులో రీడింగ్ తీసే పని నువ్వే తీసుకో, రికార్డు రాసే పని ఇంకొకరికి వదిలెయ్.

*పీహెచ్‌డీ మూడో ఏడాది, కెమికల్ ఇంజనీరింగ్. పెళ్లి కుదిరింది, ఆయన ఉద్యోగం పుణెలో. చదువు మానేయమని అత్తగారు అనలేదు గానీ, ఎలా కుదురుతుందమ్మా అంటున్నారు. మా గైడ్ గారు మంచివారే, ఏం చేయాలో ఆయనకూ తెలియడం లేదు.*
— రీసెర్చ్ స్కాలర్, విశాఖపట్నం

మానేయొద్దు. కుదురుతుంది, నిబంధనల్లోనే దారి ఉంది. పెళ్లి వల్ల గానీ మరో కారణంతో గానీ ఊరు మారాల్సి వచ్చిన మహిళా స్కాలర్ తన పరిశోధన సమాచారాన్ని కొత్త యూనివర్సిటీకి బదిలీ చేసుకోవడానికి యూజీసీ ఒప్పుకుంటుంది, పాత సంస్థకూ గైడ్‌కూ చేసిన పనికి తగిన గుర్తింపు ఇవ్వాలి. అయితే మూడో ఏడాదిలో కొత్త యూనివర్సిటీ, కొత్త గైడ్, మళ్లీ మొదటి నుంచి పరిచయాలు అంటే ఏడాది పోతుంది. మీ గైడ్ మంచివారన్నారు కాబట్టి నేనైతే బదిలీ వద్దంటాను. ల్యాబ్ పని ఎంత మిగిలిందో ఇద్దరూ కూర్చుని కాగితం మీద పెట్టండి. విశాఖలోనే చేయాల్సిన ప్రయోగాలను పెళ్లికి ముందో, పెళ్లయ్యాక రెండు మూడు నెలలు వచ్చి ఉండో పూర్తిచేయండి. లెక్కలు, మోడలింగ్, రాయడం పుణెలో చేసుకోవచ్చు. ఆరు నెలలకొకసారి మీ పని ఎంతవరకు వచ్చిందో చూసే అడ్వైజరీ కమిటీ ముందు ప్రెజెంటేషన్ ఉంటుంది కదా, దానికి మాత్రం తప్పకుండా రండి, ఒకటి తప్పిపోతే రెండోదానికి రావడానికి మొహం చెల్లదు.

టైమ్ గురించి కంగారు పడకండి. మామూలుగా ఆరేళ్లు, యూనివర్సిటీ ఒప్పుకుంటే ఇంకో రెండేళ్లు, ఆడవాళ్లకు దానిపైన మరో రెండేళ్లు సడలింపు ఉంది. పిల్లలు పుడితే మొత్తం కోర్సులో 240 రోజుల వరకు మెటర్నిటీ లేదా చైల్డ్ కేర్ సెలవు తీసుకోవచ్చు. ఇవి ఎవరో దయతలచి ఇచ్చేవి కావు, నిబంధనల్లో ఉన్నవి. మీ అత్తగారికి కూడా ఇవే చెప్పండి. ఎలా కుదురుతుందమ్మా అని ఆమె అడిగింది నిజంగా తెలియకే అయి ఉంటుంది, ఎలా కుదురుతుందో మీరు చెబితే వింటారు.

*రీసెర్చ్ పేపర్ మూడు రోజుల్లో జర్నల్‌లో వేసేస్తాం, రెండు వేలు కట్టండి అని రోజూ మెయిల్స్ వస్తున్నాయి. మా సీనియర్లు చాలామంది అలాగే వేయించుకున్నారు. నాకు సబ్మిషన్ దగ్గర పడింది.*
— రీసెర్చ్ స్కాలర్, అనంతపురం

వేయొద్దు. మూడు రోజుల్లో పేపర్ వేస్తున్నారంటే దాన్ని ఎవరూ చదవలేదని అర్థం. ఎవరూ చదవని దానికి రెండు వేలు ఎందుకు? పైగా ఆ జర్నల్ పేరు మీ బయోడేటాలో ఎప్పటికీ ఉండిపోతుంది, రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలో బోర్డులో ఒక్కరికి ఆ జర్నల్ సంగతి తెలిసినా మిగతా మంచి పనిని కూడా అదే కంటితో చూస్తారు. పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అన్న షరతును యూజీసీ 2022లో తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుని ఉండవచ్చు, రూల్స్ పుస్తకం తెచ్చుకుని చదవండి, సీనియర్ల మాట మీద ఆధారపడొద్దు. యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ల జాబితా, యూజీసీ కేర్ అనేవారు, దాన్ని కూడా 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు, "మాది యూజీసీ అప్రూవ్డ్" అని ఇంకా వచ్చే మెయిళ్లను అక్కడికక్కడే డిలీట్ చేయండి.

మీరు చదివిన మంచి పేపర్లు ఏ జర్నల్‌లో వచ్చాయి? మీ థీసిస్ చివర రిఫరెన్సుల జాబితా తీసి చూడండి, ఎక్కువసార్లు కనిపించే పేర్లలో ఒకదానికి పంపండి. వాళ్లు తిప్పికొట్టినా రివ్యూ రాస్తారు, ఆ రివ్యూ మీ థీసిస్‌కు పనికొస్తుంది. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వ యూనివర్సిటీలకు దాదాపు 13,000 జర్నళ్లు చదువుకునే వీలు వచ్చింది, మీ లైబ్రరీలో లాగిన్ అడిగి తీసుకోండి, పీడీఎఫ్ కోసం హైదరాబాద్ స్నేహితుల్ని బతిమాలుకునే రోజులు పోయాయి. ఒక మాట, సబ్మిషన్ తొందరలో ఎక్కడెక్కడివో పేరాలు తెచ్చి అతికించకండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే తిరిగి రాయమంటారు, 40 దాటితే ఏడాది పక్కన పెడతారు, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది.

*ల్యాబ్‌లో అందరి ముందూ గైడ్ అరుస్తారు. నువ్వు పనికిరావు, వెళ్లిపో అంటారు. రెండేళ్లయింది. రాత్రిళ్లు ల్యాబ్‌లో ఒక్కణ్ణే ఉంటున్నాను, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇంట్లో చెబితే బాధపడతారు.*
— రీసెర్చ్ స్కాలర్

బాబూ, ఊరి పేరు కూడా రాయలేదు నువ్వు. ముందు ఈ రాత్రి ల్యాబ్‌లో ఒక్కడివే ఉండకు. హాస్టల్‌కు వెళ్లి ఎవరో ఒకరితో కలిసి అన్నం తిను. మనసు మరీ బరువైతే, బతకాలని లేదనిపిస్తే, 14416కు ఫోన్ చెయ్, టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, ఉచితం, పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో చెబితే బాధపడతారన్నావు. చెప్పకుండా దాచి నువ్వు ఇలా ఉన్నావని తర్వాత తెలిస్తే పడే బాధ ముందు ఇదెంత? అమ్మకో, అన్నయ్యకో ఈ ఆదివారం చెప్పు.

గైడ్ అరవడం పరిశోధనలో భాగం కాదు. పని బాగాలేదని చెప్పే హక్కు ఆయనకుంది, మనిషివే పనికిరావని చెప్పే హక్కు లేదు. అడ్వైజరీ కమిటీలో నీ గైడ్ కాక ఇంకొందరు ఉంటారు, వాళ్లలో మెత్తనివాళ్లు ఎవరో చూసి వెళ్లి మాట్లాడు, ఏ రోజు ఏమన్నారో తేదీలతో రాసుకుని వెళ్లు. గైడ్‌ను మార్చుకోవడానికి అన్ని యూనివర్సిటీల్లోనూ పద్ధతి ఉంది, డిపార్ట్‌మెంట్ హెడ్‌కు, రీసెర్చ్ డీన్‌కు అర్జీ పెట్టుకోవాలి. మారితే కొన్ని నెలలు పోతాయి, పోనీ. పూర్తిగా మానేయాలని ఉంటే అది కూడా చేయవచ్చు, రెండేళ్లు నేర్చుకున్న పని ఎక్కడికీ పోదు, పీహెచ్‌డీ లేకుండా బతుకుతున్న మంచి ఇంజనీర్లు ఈ రాష్ట్రాల్లో లక్షల్లో ఉన్నారు. ఏది చేసినా మాకు మళ్లీ రాయి. తప్పకుండా రాయి.

*జేఎన్‌టీయూలో అటెండెన్స్ 68 శాతం ఉంది. పరీక్షకు కూర్చోనిస్తారా?*
— బి.టెక్ రెండో ఏడాది, సుల్తాన్‌పూర్

75 ఉండాలి. 65కు, 75కు మధ్య ఉంటే సరైన కారణం, దానికి కాగితం చూపించి కండోనేషన్ (మినహాయింపు) ఫీజు కడితే ఒప్పుకోవచ్చు, 65 కంటే తగ్గితే డిటెన్షన్, అంటే పరీక్షకు కూర్చోనివ్వరు. మీరు 68 దగ్గర ఉన్నారు కాబట్టి ఇవాళే ఆఫీసులో కలవండి, ఇక మిగిలిన క్లాసుల్లో ఒక్కటి కూడా మానొద్దు.

*మా కాలేజీలో ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్), ఎక్స్ఆర్‌డీ (ఎక్స్-రేలతో పదార్థాన్ని పరీక్షించే) మిషన్లు లేవు. బయట ఎక్కడ చేయించుకోవాలి? ఎవరి కాళ్లు పట్టుకోవాలి?*
— ఎం.టెక్ మెటలర్జీ, తిరుపతి

ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 2020లో ఐ-స్టెమ్ అనే పోర్టల్ పెట్టింది, దేశంలో ఏ సంస్థలో ఏ పరికరం ఉందో అందులో వెతికి స్లాట్ బుక్ చేసుకోవచ్చు. విద్యార్థులకు ఫీజు తక్కువ ఉంటుంది, ఐడీ కార్డు, గైడ్ సంతకం చేసిన లెటర్ అడుగుతారు. పక్క ఊరి ఐఐటీ, ఎన్ఐటీల సెంట్రల్ ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబ్‌లకు నేరుగా కూడా రాయవచ్చు.

నా సలహా ఒకటే, శాంపిల్స్ కొరియర్‌లో పంపకండి, మీరే వెళ్లండి. కొరియర్‌లో పంపితే నాలుగు ఫొటోలు వస్తాయి, అవి ఎక్కడివి, ఆ చోటే ఎందుకు తీశారు అన్నది మీకు తెలియదు. పక్కన కూర్చుంటే ఆపరేటర్‌ను అడిగి, ముందు తక్కువ మ్యాగ్నిఫికేషన్‌లో శాంపిల్ అంతా తిప్పి చూసి, పగులు మొదలైన చోటు పట్టుకుని అక్కడ పెంచమనవచ్చు. వెళ్లే ముందు శాంపిల్‌ను పూర్తిగా ఆరబెట్టండి, సైజు ఎంత ఉండాలో ఫోన్ చేసి కనుక్కోండి, కరెంటు ప్రవహించని పదార్థమైతే బంగారు పూత వేస్తారా, దానికి వేరే ఫీజా అని కూడా అడగండి. ప్రతి ముక్కకూ డబ్బా మీద నంబరు, హీట్ ట్రీట్‌మెంట్ ఉష్ణోగ్రత, తేదీ మార్కర్‌తో రాయండి. పాలిష్ చేశాక ముక్కలన్నీ ఒకేలా కనిపిస్తాయి.